పద్నాలుగు తలుపులు

రోజుకి పద్నాలుగు తలుపులు తడతాను.
వేలి కణుపుతో మూడుసార్లు, ఆగి, ఇంకో రెండు.
"హౌస్‌కీపింగ్" అంటాను, నాది కాని గొంతుతో.
గుబ్బకి ఎర్ర అట్టముక్క వేలాడుతుంటే
దాని మీద ఏం రాసుందో చదవను.
బండి తోసుకుంటూ పక్క గదికి పోతాను.
లోపలున్నది దొంగో దొరో
నాకనవసరం.

మంగళవారం రాత్రి ఒబ్దూలియా లాండ్రీలో
డ్రయ్యర్లు గిరగిర తిరుగుతుంటే
బోర్లించిన బక్కెట్ల మీద పదకొండుమందిమి.
లాయరమ్మ చిన్నపిల్ల. షికాగో చలికి
మాటమాటకీ ముక్కు తుడుచుకుంటోంది.
"తలుపు తియ్యకండి.
కాగితం కింద సందులోంచి తొయ్యమనండి.
జడ్జి సంతకం వేరు, ఆఫీసరు సంతకం వేరు."
"అన్నీ కోడి కెలికినట్టే ఉంటాయి కదమ్మా,
ఎట్లా పోల్చుకునేది?" అన్నాడు ముసలి తెలెస్ఫోరో.
నవ్వాం. ఆమె నవ్వలేదు.
"పైన కోర్టు పేరుందా చూడు తాతా.
నీ పేరు, నీ ఇంటి నెంబరు, అక్షరం తప్పుందేమో చూడు."

మాట్లాడకుండా ఉండటం కూడా హక్కేనట.
మా కొండల్లో సిపాయిలు దిగిన ఏడు
నాయనమ్మ నోరు కుట్టేసుకుంది,
చచ్చేదాకా విప్పలేదు.
దాన్ని మేం భయం అన్నాం.
ఇక్కడ రాజ్యాంగంలో దానికో నెంబరుంది: అయిదు.

చివర్లో తలా ఒక కార్డు పంచారు.
అదీ ఎర్రదే.

గురువారం తెల్లవారకముందే వచ్చారు.
అది నేను తట్టే తట్టుడు కాదు.
అరచేత్తో, గోడమీది గడియారం కదిలేలా.
యరీత్సాకి తొమ్మిదేళ్ళు. నోటినిండా పేస్టు నురగ.
ఇంట్లో ఇంగ్లీషు దానికొక్కదానికే వచ్చు.
కిందనుంచి జారిన కాగితాన్ని
స్కూల్లో పాఠంలా వేలు పెట్టి చదివింది.
"కోర్టని లేదమ్మా. శాఖ అని ఉంది.
సంతకం పక్కన ఆఫీసరు అని ఉంది."
నురగ మింగేసి, తలుపుకి నోరానించి చెప్పింది:
"మా అమ్మ ఒప్పుకోవడం లేదు."
గొలుసు నా చేతిలో ఉంది. అదే వణికిందో, నేనో.

కింద వీధిలో ఈలలు.
ఎదురింటి మిసెస్ కొవాల్చిక్
నైట్‌గౌను మీద కోటు తొడుక్కుని
ఫోనెత్తి పట్టుకుంది.
వెనక్కి జరగమంటే రెండడుగులు జరిగింది.
ఫోను దించలేదు.
ఇరవై నిమిషాల తర్వాత కార్లు కదిలాయి.
యరీత్సా ఆ రోజు బడికి ఆలస్యమైంది.
కారణం రాయమని చీటీ పంపారు. ఏం రాయను?

శనివారం ఎవెలియోని పట్టుకున్నారు
సున్నం బస్తాలు లోడు చేస్తుంటే.
పార్కింగ్ లాట్‌కి తలుపుండదు.
గొలుసుండదు, కింద సందుండదు.
"లాయరుతో మాట్లాడాలి" అన్నాడట.
ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి స్పానిష్‌లో,
తర్వాత ఊరకే ఉన్నాడు.
ముంజేతి మీద నేను పెన్నుతో రాసిన నెంబరు
చెమటకి సగం చెరిగిందట, సగం గుర్తుందట.
కాగితాలు ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చి,
సంతకం పెడితే తొందరగా అయిపోతుందన్నారట.
"పెట్టలేదు" అన్నాడు ఫోనులో.
ఎక్కణ్ణించి అంటే,
కిటికీ లేదు, తెలీదన్నాడు.
వాయిదా ఉందంటోంది లాయరమ్మ.
తారీఖు ఇంకా రాలేదు.

హక్కంటే గోడ అనుకున్నాను.
గొలుసు అది. అంగుళమంత సందులోంచి
అవతలివాడి ముఖం చూసేంత వ్యవధి.
ఆ వ్యవధికే పిల్ల చదవగలిగింది.

సోమవారం మళ్ళీ పద్నాలుగు.
ఆరువందల పదకొండుకి అట్ట వేలాడుతోంది.
లోపల టీవీలో ఎవరో నవ్వుతున్నారు.
ఎందుకో ఇవాళ దాని ముందు
కాసేపు నిలబడ్డాను, చెయ్యి పైకెత్తి.

తర్వాత రెండు తువ్వాళ్ళు మడిచి
గడప పక్కన పెట్టి
బండి తోసుకుంటూ వెళ్ళాను.