గుడ్డిదీపం స్టేషన్‌లో టీ పెట్టెలు

పగలంతా ఫెర్రీ మీద కార్లు సర్దుతాను.
డిసెంబరులో బూడో రేవుకి పగలంటే
మధ్యాహ్నం కాసేపు నీలం, అంతే.
నలభై కార్లు, నలభై ఎత్తిన అద్దాలు.
చెయ్యి ఊపితే ముందుకి, పిడికిలి బిగిస్తే ఆగు.
ఇరవై రెండేళ్లుగా మనుషులతో నా సంభాషణ ఇదే.

ఇంటికొచ్చి, తడి మేజోళ్లు హీటరు మీద ఆరేసి
కంప్యూటర్ ముందు కూర్చుంటే
ఆట ఎప్పుడూ ఒకటే అడుగుతుంది:
ఓపెనా, ప్రైవేటా?

చుక్కలు రెండింట్లోనూ అవే.
అవే స్టేషన్లు, అవే ధరలు.
ఒకదాంట్లో మనుషులు కనిపిస్తారు, తేడా అంతే.

మొదట్లో ఓపెన్‌లోనే తిరిగేదాన్ని.
ఆగస్టులో ఓ రాత్రి
నూట పన్నెండు మందుల పెట్టెలు వేసుకుని పోతుంటే
‘బామ్మగారి స్వెటర్’ అనే పేరున్న ఓడ ఎదురొచ్చి
నలభై సెకన్లలో నాకు చుక్కలు చూపించింది,
ఉన్నవి చాలనట్టు.
పోతూ పోతూ రాసింది: ‘బాగా ఆడావు.’
నేను ఆడలేదు బాబూ. సరుకు మోస్తున్నాను.

అస్లాక్‌కి చెబితే పగలబడి నవ్వాడు.
‘వీధిలోకొస్తే దుమ్ము అంటదా?
తలుపేసుకుని ఆడేదీ ఒక ఆటేనా, సోల్‌ఫ్రిద్!’
అతను ఇంజిన్ గదిలో ఉంటాడు.
షిఫ్టంతా ఒక్క ముఖమూ చూడడు.
అతనికి మనుషులు ముద్దొస్తారు.

ఆ రాత్రే ప్రైవేట్ గ్రూప్ పెట్టాను.
పేరు: వంటగది. సభ్యులు: నేను.

నా మానాన నేను,
చిల్లిగవ్వ లాభం లేని దారిలో
గుడ్డిదీపం అనే మారుమూల స్టేషన్‌కి మందులు.
రానూ పోనూ గంటన్నర.
అక్కడ టీ దొరుకుతుందని రాసి ఉంటుంది,
వెళ్లిన ప్రతిసారీ నిండుకుని ఉంటుంది.
ఖాళీ ఓడతో తిరిగొస్తాను.

అక్టోబరులో గమనించాను.
తొమ్మిది వందల పెట్టెలు కావాలన్న బోర్డు
నేను నూట పన్నెండు దించాక
ఏడొందల ఎనభై ఎనిమిది చూపాలి కదా,
మర్నాటికి ఏడు వందలు.
ఆ మర్నాడు ఆరొందల పన్నెండు.
ఎప్పుడూ ఎనభై ఎనిమిదే తగ్గేది.
ఎనభై ఎనిమిది పట్టే ఓడ ఒకటి
ఎక్కడో, ఎవరి వంటగదిలోనో.
గోడలు ఎవరివి వాళ్లవే గానీ
ఉప్పు డబ్బా ఉమ్మడిదని
అప్పుడు తెలిసింది.

శనివారం గాలివాన. ఫెర్రీ రద్దు.
ఎందుకో ఓపెన్ నొక్కాను.
గుడ్డిదీపం దగ్గర నిజంగానే ఒక ఓడ,
చిన్నది, రెక్క మీద రంగు పెచ్చులూడి.
పలకరిద్దామని దగ్గరికి పోయాను.

అది సరుకంతా శూన్యంలో పారబోసి
పారిపోయింది.

దొంగ కనబడితే మెళ్లో గొలుసు తీసి విసిరినట్టు.
నన్ను చూసి!
చేతిలో చల్లారిన కాఫీతో
నేను ఎవరికి బామ్మగారి స్వెటర్‌నయ్యానో
తెలియక అలాగే ఉండిపోయాను.

రెండు గంటలు పట్టింది
తేలుతున్న పెట్టెలు ఒక్కొక్కటే ఏరడానికి.
మూడు దొర్లిపోయాయి, వెతికి పట్టుకున్నాను.
ఎనభై ఎనిమిదీ స్టేషన్‌లో దించాను.
బోర్డు మీద అంకె తగ్గింది,
ఎప్పుడూ తగ్గేంతే.
మళ్లీ తలుపేసుకున్నాను.

గురువారం వెళ్తే
టీ ఉంది.
నిండుకోలేదు, నిండుగానూ లేదు.
కావలసినంత కొనుక్కుని
మిగిల్చిన పెట్టెలు
నూట పన్నెండు.

అస్లాక్‌కి చెప్పలేదు.