ఇరవై ఎనిమిదో రోజు

మిల్వాకీలో మార్చి నెలని వసంతమని
కాలెండరు ఒక్కటే నమ్ముతుంది.
సరస్సు మీది గాలికి
మా మూడో అంతస్తు కిటికీ రోజంతా పళ్లు కొరుకుతుంది.

నా ఉద్యోగం ఒక్కటే ప్రశ్న:
ఈ కంపెనీ ఎవరిది?
కాగితం మీద ఎవరిదని కాదు.
తెల్లారి నాలుగున్నరకి లారీ కదలనని మొరాయిస్తే
ఎవరి ఫోను మోగుతుందో, వాళ్లది.

పోయిన వారం ఒకాయన భార్యని తెచ్చి కూర్చోబెట్టాడు.
నూటికి యాభై ఒక్క వాటా ఆవిడదేనట.
సంతకం గుండ్రంగా, గడిలో ఇమిడేలా పెట్టింది.
మీకు రోడ్డు రోలర్లు ఎన్నున్నాయమ్మా అంటే
మొగుడి మొహంలోకి చూసింది.
ఫైలు మూసేశాను.
ఆ చూపు మాత్రం మూతపడలేదు.

ఇవాళ లవోనియా టిబ్స్ యార్డుకి వెళ్లాను.
రెండు లారీలు, ఒక మిక్సరు, తాడుతో కట్టిన గేటు.
మేకుకి వాళ్ల నాన్న తాపీ,
అరిగి అరిగి అరచేయంత మిగిలింది.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊరి కాలిబాటలు పోసిన మనిషి
ఏ కాంట్రాక్టులోనూ లేడు.
పై పేరు ఒకరిది, దాని కింద ఇంకొకరిది,
ఆ కిందెవరో, ఆ కింద మరెవరో,
అందరి కిందా మోకాళ్ల మీద ఆయన.

అడగాలి కాబట్టి అడిగాను:
చలిలో కాంక్రీటు ఎలా పోస్తారు?

"నీళ్లు కాచి," అంది నవ్వకుండా.
"పోశాక దుప్పట్లు కప్పుతాం.
రాత్రి రెండింటికి లేచి మళ్లీ చూడకపోతే
కప్పినట్టు కాదు.
ఇరవై ఎనిమిదో రోజుకి పూర్తి బలం వస్తుంది.
దాంతోపాటే పోసిన గుండ్రటి దిమ్మని
మిషన్లో పెట్టి విరిగేదాకా నొక్కుతారు.
విరిగాక చెబుతారు, గట్టిదేనని."

నా పెన్ను కాసేపు ఆగింది.

మరి డబ్బులు?

"నూట పదిహేడో రోజున వచ్చాయి.
అప్పటికే పిల్లలు దాని మీద సైకిలు నేర్చేసుకున్నారు,
నేను మిక్సరు తాకట్టు పెట్టేశాను."

ఇక బ్యాంకు హామీ సంగతి
ఆమె చెప్పలేదు, నాకు తెలుసు.
పెద్ద పని చేసుంటేనే హామీ,
హామీ ఉంటేనే పెద్ద పని.
పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

బల్ల మీద ఒక ఇత్తడి ముద్ర ఉంది.
అక్షరాలు తిరగబడి ఉన్నాయి, నాకు చదవరాలేదు.
అడగలేదు. ఫారంలో ఆ గడి లేదు.

ఏప్రిల్లో మీటింగు.
ఊరంత కాలిబాట పని ఒకే మూటగా కట్టకండి,
పదకొండు ముక్కలు చేయండి అన్నాం.
పదకొండు టెండర్లంటే పదకొండు తలనొప్పులన్నాడు
ఇంజినీరు గ్రబోస్కీ.
ఒక్క టెండరుకి ఎన్ని తలలు నొస్తున్నాయో
ఎవరూ లెక్కపెట్టలేదు.
ఆ తలలు ఈ లిఫ్టు ఎక్కవు.

నాలుగు ముక్కలు దక్కాయి.
మొదటిది ఆమెకి పంతొమ్మిది వందల డాలర్ల తేడాతో పోయింది.
ఫోను చేసి ఎందుకు పోయిందని అడగలేదు,
గెలిచినవాడు కంకరకి ఎంత వేశాడని అడిగింది.
ఆ లెక్కలు ఎవరైనా చూడొచ్చు,
ఇన్నేళ్లలో ఎవరూ ఆమెకి ఆ మాట చెప్పలేదు.
రెండోది తగిలింది. హాల్బెర్గ్ వీధి, రెండు వైపులా.

ఇప్పుడు కొత్త నియమం ఒకటుంది, మేమే రాశాం:
ముప్పై రోజుల్లో చెల్లింపు.
ఇవాళ ముప్పై.
చెక్కు రెండో అంతస్తులో ఉంది, ఒక్క సంతకం తక్కువ.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాను.
సంతకం పెట్టేవాడు భోజనానికి వెళ్లాడట.
ఎప్పుడొస్తాడో తెలియదంది గుమాస్తా, తలెత్తకుండా.

గోడవార ప్లాస్టిక్ కుర్చీ ఉంది,
కంపెనీల వాళ్లు కూర్చునేది.
ఒక కాలు పొట్టి.
ఇరవై రెండేళ్లుగా దాని పక్క నుంచే నడుస్తున్నాను.

కూర్చున్నాను.