లోపలి మడత

శనివారం శనివారం
పోరని నెత్తి కొలుస్త.
మెడల ఏలాడే టేపే, జాకిట్లు కొలిచేదే.
చుట్టుకొలత సరిగనే పెరుగుతున్నది.
టోపి మాత్రం ముందూ వెనకా పట్టక
చెవుల కాడ వదులైతున్నది.

గుడ్డ తప్పనుకున్న.
రెండుసార్లు విప్పి కుట్టిన.

నీళ్ళు పోసే కాడ అత్తకు తెలిసింది.
కాళ్ళ మీద పండవెట్టుకొని ఆముదం అంటుకుంట
"మాడ కొట్టుకుంటలేదేందే" అన్నది.
నేనూ వేలు పెట్టి చూసిన.
నడినెత్తి పొడుగునా
చేట అంచు లెక్క గట్టిగ.

కరీమాబాద్‌ల తలా ఒకటన్నరు.
గ్రహణం నాడు కత్తెర పట్టినవన్నరు.
పట్టిన. పెండ్లిళ్ళ కాలం, పదహారు జాకిట్లు బాకీ.
ఒక్క దిక్కే పండవెట్టినవన్నరు.
నెత్తి గుండ్రంగ ఒత్తలేదని మా కొంరవ్వత్తను,
ఎక్కువ ఒత్తిందని మళ్ళ ఆమెనే.

ఎంజీఎంల డాక్టరమ్మ
తెర మీద నా కొడుకు బొక్కలు తిప్పి తిప్పి చూపింది.
పుట్టినప్పుడు నెత్తి ఒక్క బొక్క కాదట.
ముక్కలట. నడుమ కుట్లట.
ఆమె గా మాటే అన్నది, కుట్లు అని.
మెదడు పెరిగినన్ని రోజులు విడిచే ఉండాల్నట.
నడిమి కుట్టు ముందే బిగిసింది.
పక్కలకు జాగ లేక
పడవ లెక్క సాగింది.

ఇగ నాకు చెప్పేదేముంది?
పెరిగే పిల్ల లంగకు
లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి పెడ్త,
ఏటా విప్పుకుంటరని.
వీన్నెవరు కుట్టిండ్రో,
మడత విడువలేదు.

వెనుక కుట్టుల మాత్రం
చిన్న చిన్న బొక్కలు, చింతగింజలంత,
ఎక్కువున్నయి. ఐదు. నేనే లెక్కపెట్టిన.
"గవేంది మేడం?"
"కొందరికుంటయమ్మ. వాటితోని బాధ లేదు."
చంకల గుంజుతదంటె తునక వేస్త నేను.
గట్లనే వేసుకున్నదేమో పాణం,
జాగ దొరికిన కాడ.

"హైదరాబాద్ పోవాలె. బిగిసింది విప్పుతరు.
కోత వంకరటింకరగ పెడ్తరు,
జుట్టు మొలిస్తె కనవడదు."
జిగ్‌జాగ్, అనుకున్న.

అప్పటిదాక తలుపు కాడ నిలవడ్డ అత్త
"నా చేతులతోని అయిందా బిడ్డా" అన్నది.
"కాదవ్వ. కడుపుల ఉన్నప్పుడే మొదలైంది.
ఎవ్వరి తప్పు గాదు."
విన్నది. అయినా ఆటో దిగే దాక
రెండు చేతులూ కొంగుల దాచుకున్నది.

రేత్రి మిషన్ కాడ కూసున్న.
జూన్ వచ్చె, బడి బట్టలున్నయి.
సూది దించే ముందు
ఎవరి బిడ్డదో ఆ గౌను లోపల
అడిగినదానికంటె ఇంకో వేలు మడిచిన.