పంటి కింద రాయి

వానల నడుమ వాన అలిగి వెళ్లిపోయే రోజులు,
ఇక్కడ వీటిని కనీకుల అంటారు.
ఒహాకా లోయలో, ఎఫ్రోసీనా అత్త చేలో,
నేరేయిదా ఆకులకి క్లిప్పు తగిలించి
పెట్టెలో అంకెలు చదువుతోంది.
నేను బ్యాటరీ మోసేవాణ్ణి.

మొక్కజొన్న అంకె దిగలేదు.
గడుసుది.
గాలిలోని బొగ్గుని గుమ్మంలోనే ఇంకో చేత్తో పట్టి
లోపలి గదిలోకి కూరి
తలుపేసుకుని వండుకుంటుంది.

దాన్నే నిచ్చెన చేసుకు పాకిన చిక్కుడు మాత్రం
ఎండ ముదిరేకొద్దీ తడబడుతోంది.
బొగ్గనుకుని ప్రాణవాయువుని పట్టుకుంటుంది,
మూడు నాలుగు సార్లకోసారి.
పాపం, ఆ చెయ్యి పని నేర్చిన నాటికి
గాలిలో ప్రాణవాయువే లేదట.
తేడా చూడమని ఎవరు చెబుతారు?

"ఈ తప్పు తీసేయాలని మా ప్రొఫెసర్ పట్టుదల,"
అంది నేరేయిదా.
అత్త వాకిలి వైపు చూస్తోంది.

అక్కడ క్రెసెన్సియో మావ
చేటలో నల్ల చిక్కుడు గింజలు ఏరుతున్నాడు.
రెండు కళ్లకీ పొర.
గింజ అనుకుని రాయిని కుండలో వేస్తే
ఠంగుమంటుంది.
అత్త ఒక్క మాట అనదు.
ఆయన నిద్రపోయాక కుండ ఒంపి
మళ్లీ మొదట్నుంచీ ఏరుతుంది.

ఆకులోనూ అంతేనట.
పొరపాటున పుట్టిన ఆ ముక్కని పారెయ్యరు,
ఒక గది నుంచి ఇంకో గదికి,
అక్కణ్ణించి మూడో గదికి,
చేతులు మార్చి మార్చి బాగుచేస్తారు.
మూడు పాళ్లు ఇంటికొస్తాయి.
ఒక పాలు గాలికి.

"ఆ బాగుచేసే దారి తెంపితే?" అడిగింది అత్త, ఆలస్యంగా.
"తెంపి చూశారు.
మామూలు గాలిలో పెట్టగానే
మొక్క పాలిపోయి చచ్చింది."
అత్త తలూపింది,
తెలిసిన కబురే విన్నట్టు.

రాత్రి గట్టు మీద కిత్తలి,
పగలంతా నోరు కుట్టుకు కూర్చున్నది,
చల్లబడ్డాక మెల్లగా తెరిచి
రేపటి ఎండకి సరిపడా గాలి తాగుతోంది.
దాని అంకె చూడాలని నేరేయిదా
క్లిప్పు పట్టుకుని లేచింది గానీ
భోజనానికి పిలిచారు.

చిక్కుళ్ల పులుసు. వేడి రొట్టెలు.
నా పంటి కింద కటుక్కుమంది.
మావ తల తిప్పాడు, చెవి ఇటు పెట్టి.
నేను గట్టిగా దగ్గి
రాయిని అరచేతిలోకి తీసుకుని
జేబులో వేసుకున్నాను.

అత్త నాకు ఇంకో గరిటె వడ్డించింది.