పొడి కుదుపు

ముందే ఐసు వేయకూడదు.
ఈ సంగతి తెలియక మొదటి మూడు గ్లాసులూ
సింకు తాగింది.

షెఫీల్డులో ఫిబ్రవరి.
అయిదింటికే చీకటి దిగే మా ఏటవాలు వీధి,
ఆవిరి పట్టిన వంటింటి కిటికీ.
ఎర్ర సింహం ముద్రున్న గుడ్డు ఒకటి
గిన్నె అంచుకి కొట్టి
పెంకులోంచి పెంకులోకి, అటూ ఇటూ,
పచ్చది మిగిలేలా, తెల్లది జారేలా.
బియ్యంలో రాళ్ళేరిన చేతులివి,
ఆమాత్రం విడదీయగలవు.

కానీ కుడి భుజం ఉంది చూశారూ,
అక్టోబరు నుంచీ బిగుసుకుపోయింది.
జడ వేయదు.
ట్రాములో పైపట్టీ అందుకోదు.
పై అరలోని మెంతుల డబ్బా
అప్పటినుంచీ ఆకాశంలోనే ఉంది.

ఫిజియోథెరపిస్టు బ్రైడీ
ఒక రబ్బరు తాడిచ్చింది, రోజుకి మూడు ముప్ఫైలంది.
తాడు తలుపు గొళ్ళేనికి వేలాడుతూ
నాకంటే బాగా విశ్రాంతి తీసుకుంది.
నాలుగోసారి వెళితే నిట్టూర్చి,
"ఏదో ఒకటి ఊపవమ్మా, నీకు నచ్చినదే ఊపు" అని
చదువుకునే రోజుల్లో బారులో పనిచేసిన పిల్ల కదా,
వ్యాయామాల కాగితం వెనక్కి తిప్పి రాసింది:
జిన్ను రెండు పాళ్ళు, నిమ్మరసం ఒకటి,
పంచదార పాకం ముప్పావు,
ఒక తెల్లసొన, పైన సోడా.

ఇరవయ్యారేళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని.
పులుపు తగిలితే తెల్లసొన ముడులు
ఎలా విప్పుకుంటాయో బోర్డు మీద గీశాను.
గీయడం వేరు.
మూత బిగించి, తువ్వాలు చుట్టి, ఊపాను.
మొదటి పదీ నొప్పి.
తర్వాతి పదీ తిట్లు, శుద్ధ తెలుగులో.
ఇరవై దాటాక లోపలి చప్పుడు మారింది.
చళుక్కుమనేది మెత్తబడి,
కవ్వం కింద వెన్న పడబోయే ముందు
కుండ ఊపిరి బిగబట్టినట్టు.

అప్పుడు ఐసు. గలగల. మళ్ళీ అంతసేపు,
డబ్బా వేళ్ళకి అతుక్కునేదాకా.
గ్లాసులో వంపి ఒక్క నిమిషం ఆగి
నడిమధ్యన సోడా, సన్నటి ధార.
నురుగు అంచు దాటి లేచింది.
ఒలకలేదు. నిలబడింది,
ఇస్త్రీ చేసిన తలపాగాలా.

మా ఆయన విశ్వపతి లెక్కపెడతాడు.
డాక్టరు ఆయన గ్లాసు ఎప్పుడో బోర్లించేశాడు గనక
ఆయనకి ఉప్పేసిన నిమ్మసోడా,
పైన అదే నురుగు.
మూతి మీద తెల్లమీసంతో
"ఇరవై ఏడు, ఎగ్గొట్టకు" అంటాడు.

మార్చిలో రూబార్బు.
వేక్‌ఫీల్డు దగ్గర చీకటి కొట్టాల్లో పెంచి
కొవ్వొత్తి వెలుగులో కోస్తారు ఆ కాడల్ని.
పప్పులో వేస్తే గోంగూరకి పినతల్లి బిడ్డ.
పాకంలో వేస్తే గులాబీ రంగు, ఎక్కడలేని అమాయకత్వం.
జూన్‌లో కాలవ గట్టు ఎల్డర్ పూలు,
దులిపితే గుప్పెడు పుప్పొడి, రెండు చీమలు.
ఒకసారి మామిడిరసం వేశాను.
అది ఇక్కడ చెప్పుకోదగ్గది కాదు.

మిగిలిన పచ్చసొనల గిన్నె మాత్రం
ప్రతి శనివారం మమ్మల్నే చూస్తుంటుంది, ఆరు కళ్ళతో.
ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఇంత కారం.
పొరుటు తిని తిని
విశ్వపతి ఒంటిరంగు మారిందని నా అనుమానం.

సెప్టెంబరు. కంచెల వెంట బ్లాక్‌బెర్రీలు కోసి
ఊదా మరకల వేళ్ళతో
పొడుగు గ్లాసు కోసం చెయ్యి చాచాను.
గ్లాసు వచ్చింది.
దాని వెనక, దుమ్ముపట్టి, మెంతుల డబ్బా.
దాన్నీ దించాను.

వెనకాల లెక్క ఆగిపోయింది.
"ఎంతదాకా వచ్చాం?" అన్నాను.
కాసేపు ఏమీ అనలేదాయన.
సోడా బుడ్డి మూత తిప్పుతూ
"ఊపు ఊపు, నురుగు దిగిపోతుంది" అన్నాడు.