పేపరు మీద పాదం

ద్వారకానగర్ చీరల షోరూమ్‌లో
రెండో అంతస్తు, పట్టు కౌంటరు.
పొద్దున్న పదికి నిలబడితే
రాత్రి తొమ్మిదిన్నరకి గానీ కూర్చోను.
కస్టమర్లకి మెత్తటి సోఫా,
చీరలకి తెల్లటి పరుపు,
మాకు నల్ల బూట్లు:
ముందు మొన తేలి, వెనక రెండంగుళాలు లేచి.
"నీట్‌గా ఉండాలి" అంటాడు మేనేజర్ ఫణీంద్ర.
ఆయన మాత్రం శాండల్స్‌లో తిరుగుతాడు.

మడమ ఎత్తితే ఒళ్ళంతా ముందుకి జారుతుంది.
జారిన బరువు వెళ్ళి
ఆ మొనలో ఇరుక్కున్న ఐదు వేళ్ళ మీద పడుతుంది,
లాస్ట్ బస్సులో ముగ్గురి సీటు మీద ఆరుగురు ఎక్కినట్టు.
చిటికెన వేలు ఎప్పుడో
పక్కవేలి కిందకి దూరి పడుకుంది.
బొటనవేలు లోపలికి తిరిగిపోయింది;
దాని మొదట్లో ఎముక ఒకటి
మోచెయ్యి పెట్టి బయటికి తోస్తోంది.

రమీజా స్టోర్‌రూమ్‌లో బూటు విప్పి
ఆనెకాయ మీద ప్లాస్టర్ మార్చుకుంటుంది.
"కొన్నాళ్ళకి అలవాటైపోతుందక్కా" అంటుంది.
ఏది దేనికి అలవాటవుతుందో
ఒకరినొకరం అడగలేదు.

ఆశీలుమెట్ట ఫ్లైఓవర్ కింద
సూరప్పడు తాత గొడుగు.
హీల్ అరిగిందని బూట్లిచ్చాను.
ఆయన బూటు చూడలేదు, కాలు చూశాడు.
"ఏటమ్మా, ఈ కాలినేటి సేసినావు?"
పాత పేపరు నేల మీద పరిచి
ఉత్తి కాలితో నిలబడమన్నాడు.
చెవి మీది పెన్సిల్ తీసి
పాదం చుట్టూ గీసుకుంటూ వచ్చాడు,
వంపు దగ్గర మాత్రం
చక్కిలిగింత కాకుండా కొంచెం మెల్లగా.
తర్వాత ఆ గీత మీద నా బూటు పెట్టాడు.

బూటు పక్కల నుంచి
నా కాలు ఇంకా కనబడుతోంది:
రొయ్యల ధరల మీద అటు అరంగుళం,
పెళ్ళి ప్రకటనల మీద ఇటు అరంగుళం.
"మిగిలిన ఈ కాలుని రోజూ ఏటి సేస్తన్నావు?
ఇంటికాడ ఇడిసొస్తన్నావా?"

నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మా అమ్మ పోలమ్మ
జాలరిపేట నుంచి ఎండాడ దాకా
చేపల గంపతో, చెప్పుల్లేకుండా నడిచేది.
ఆమె వేళ్ళు తాటాకు విసనకర్రలా విచ్చుకుని
వేలికీ వేలికీ మధ్య గాలి ఆడేది.
స్కూల్ మీటింగ్‌కి వస్తే
నేను బెంచీ అడ్డం జరిపి
ఆ కాళ్ళనే దాచేదాన్ని.
ఉత్తి కాళ్ళే మంచివని అనను.
గాజుపెంకు దిగి, షుగరుకి మానక,
కేజీహెచ్‌లో రెండు వేళ్ళు తీసేశారు.
చెప్పు కావాలి.
ఆమె కాలంత వెడల్పు చెప్పు
మేం తిరిగిన ఏ షాపులోనూ దొరకలేదు,
అదీ నిజమే.

అంతా అచ్చులో ఉందంటాడు తాత.
"సెక్క అచ్చు సెక్కినోడు
ఆడమనిషి కాలు సూడనేదమ్మా, బొమ్మ సూసినాడు.
ముందర ఏళ్ళు ఆడాల.
ఎనక మడం కదలకూడదు.
ఏళ్ళ కాడ వంగాల, మజ్జిలో వంగకూడదు.
అంతే గదా, రాకెట్టా ఏటి?"

ఎనిమిదొందలకి ఆయన కుట్టిన జత
నల్లగానే ఉంది, మెరుస్తుంది కూడా.
ముందు గుండ్రం, వెనక బల్లపరుపు.
బాతు ముక్కని రమీజా నవ్వింది,
మధ్యాహ్నం దాకా.
లంచ్‌లో తొడిగి చూసి
"ఆ గొడుగు ఏ పిల్లర్ దగ్గరక్కా?" అంది.

ఫణీంద్ర ఇంకా కిందకి చూడలేదు.
చూసిన రోజు చూపించడానికి
ఆ పేపరు మడిచి బ్యాగులో ఉంచాను.
బొటనవేలు ఇంకా వంకరే,
జరిగిన ఎముక దానంతటది వెనక్కి రాదట.
చిటికెన వేలు మాత్రం రాత్రిళ్ళు మంటెత్తడం మానింది.

నిన్న ఇంట్లో ఇంకో పేపరు పరిచి
అమ్మని నిలబెట్టాను.
మడమ నుంచి మొదలుపెట్టి
పగుళ్ళ పక్కనుంచి పైకి వచ్చాను.
"లేని ఏళ్ళ కాడ ఏటి గీస్తావే?" అంది
గోడ పట్టుకుని, కిందకి చూస్తూ.
పెన్సిల్ ఆగింది.
తర్వాత వాటికీ చోటు వదిలి గీశాను.