మెడ

ఉల్లికి మెడ ఉంటుంది.
అది సన్నబడి, ఎండి, తనంతట తాను వాలితేనే
గడ్డ నిద్రపోయినట్టు.
గాల్మి మడుల్లో నాకిది చెప్పింది మా అత్త హాబ్సు,
బొటనవేలితో మెడ నొక్కి చూపిస్తూ.

ఆ ఏడు మా మరిది త్సాహిరుకి చేతిలో డబ్బాడింది.
నాటిన మూడో వారం ఒక బస్తా,
నెలన్నరకి ఇంకొకటి,
గడ్డ ఊరే వేళ, ఇక చాలు అనాల్సిన వేళ,
మరొకటి.
చక్కెరనుకుని ఆ తెల్ల గుళికల్ని
వాడి చిన్నకొడుకు నాకి ఉమ్మేశాడు.
మడి మాత్రం ఉమ్మలేదు.
ఆకు తుంచితే నీళ్ళు కారేవి.

నా మడికి దక్కింది
అరబస్తా యూరియా, అదీ అప్పు,
మేకల దొడ్డి ఊడ్పు, పొయ్యి బూడిద.
తెలివి కాదు, లేమి.
ముందే చెప్పేస్తున్నాను,
తర్వాత ఎవరూ నన్ను పొగడకుండా.

మార్చిలో పీకాం.
వాడి గడ్డలు పసిబిడ్డ తలంత,
నావి పిడికిట్లో దాగేవి.
వాడివి డెబ్బై బస్తాలు, నావి ముప్పై ఒకటి.
అబిజాన్ లారీ మనిషి చెప్పిన ధరకి
నీళ్ళు తోడిన డీజిలు కూడా రాదు.
ఇద్దరం అమ్మలేదు.
పక్కపక్కనే రెండు గడ్డి గాదెలు,
నేలకి జానెడు పైన, కట్టెల మీద.

మేలో వడగాలి. జూన్‌లో తొలి వాన.
ఏ రాత్రో తెలీదు
వాడి గాదెలో వాసన లేచింది.
వాలని మెడల్లోంచి దిగిన తడి
పొర వెంట పొర నడిచి నడిబొడ్డుకి చేరింది.
కొన్ని చీకట్లోనే మొలకెత్తాయి,
పాలిపోయి, తలుపు వెతుక్కుంటూ.
రోజూ సాయంత్రం ఏరి పారబోసేవాడు.
మేకలు కూడా మూతి తిప్పుకున్నాయి.
మిగిలినవి తొమ్మిది.

నావి తట్టితే గలగలమనేవి,
కోస్తే కళ్ళు మండేవి.
సెప్టెంబరులో అదే లారీ, అదే మనిషి, మూడింతల ధర.
నా ఇరవై ఏడు బస్తాలూ త్సాహిరే ఎత్తాడు.
కూలి అడగలేదు.
ఇచ్చాను. తీసుకున్నాడు.

ఇప్పుడు నారు జానెడైంది.
నడుముగుడ్డ మడతలో నోట్లతో
ఎరువుల కొట్టు ముందు నిలబడ్డాను.
"పొటాష్ కూడా ఉంది, ఎవరూ అడగరు"
అంటూ దాని మీది దుమ్ము దులిపి
"యూరియా ఎన్ని?" అన్నాడు కొట్టు లబో.

మూడు కొనగల డబ్బు
నా దగ్గర ఉండటం ఇదే మొదలు.

నోరు ఒకటి అంది.
వేళ్ళు ఇంకా
లెక్కపెడుతూనే ఉన్నాయి.